పొద్దున్నే సెల్ఫ్ 'టక్' అని ఆగిపోతోందా? హెడ్ దించే ముందు ఎర్త్ చూడండి

మీ ప్రశ్న ముందు నా మాటల్లో ఒకసారి చెప్తా, తేడా ఉంటే సరిచేయండి. 2010 మోడల్ బొలెరో పికప్, సత్తెనపల్లి పక్క ఊళ్ళ నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలుతున్నారు. ఆరు నెలల్నుంచి పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫ్ (ఇంజన్ని తిప్పే స్టార్టర్ మోటారు) ఒక్కసారి 'టక్' అంటుంది, అంతే, నలుగురు తోస్తే మాత్రం వెంటనే అందుకుంటోంది. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చారు, సెల్ఫ్ విప్పించి కార్బన్లు (లోపల కరెంటు అందించే బ్రష్షులు) వేయించారు. ఇది కాక రాత్రిపూట హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది, అది చూసి ఒకాయన హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైన ఉండే హెడ్‌కీ మధ్య షీటు) పోయింది, హెడ్ దించాలి, పాతిక వేల దాకా అవుతుంది అన్నాడు. హెడ్ దించాలా, బండి అమ్మేసి ఇంకో సెకండ్ హ్యాండ్ కొనాలా అని అడిగారు.

రెండూ వద్దండీ. మీ బండికి ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి వచ్చే దారి, సరిగ్గా లేదు. బండి చూడకుండా నూటికి నూరు చెప్పలేను గానీ మీరు రాసిన నాలుగు లక్షణాలూ ఒకే చోటికి పోతున్నాయి. ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ, బ్యాటరీ నెగటివ్ కేబుల్ దిగే చోటు, మీటర్ బోర్డు వెనక ఎర్త్, ఈ మూడూ విప్పి గీకి బిగించాక కూడా పోకపోతే అప్పుడు మిగతావి మాట్లాడుకుందాం. ఖర్చు వందల్లో ఉంటుంది, వేలల్లో కాదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్ని, ఇరవై ఆరేళ్ళు అవుతోంది. మొదటి ఆరేళ్ళు డీజిల్ మెకానిక్ దగ్గర స్పానర్లు అందించా కాబట్టి ఇంజన్ వైపు కూడా కొంచెం తెలుసు.

మీ ప్రశ్నలో అసలు క్లూ ఆ ముల్లే. ఒకసారి ఆలోచించండి, రాడియేటర్లో ఇంజన్లో కలిపి బోలెడు నీళ్ళుంటాయి, ఆ నీళ్ళు హెడ్‌లైట్ స్విచ్ నొక్కిన సెకనులో వేడెక్కుతాయా? ఇంట్లో గ్లాసుడు టీ కాగటానికే నాలుగు నిమిషాలు పడుతుంది. స్విచ్ వేస్తే ముల్లు లేచిందంటే అది వేడి కాదు, కరెంటు. మీటరు పనిచేసేది వోల్టేజీ మీద. దానికీ లైట్లకీ ఎర్త్ ఒకే చోట ఉండి ఆ చోటు లూజుగా ఉంటే, లైట్ల కరెంటు అటు తన్నుకుంటూ పోయినప్పుడు మీటరు లెక్క తప్పుతుంది. లైట్లు తీసేస్తే ముల్లు మళ్ళీ దిగుతోందా లేదా మీరు రాయలేదు. దిగుతుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఇండికేటర్ వేసినప్పుడు దాంతోపాటు డీజిల్ ముల్లు కూడా టిక్కు టిక్కుమని ఆడుతుంటే ఇంకా ఖాయం.

ఇక ఎర్త్ అంటే ఏంటో కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే దీని సంగతి డ్రైవర్లకి కాదు చాలామంది మెకానిక్‌లకే పట్టదు. బ్యాటరీ పాజిటివ్ నుంచి బయల్దేరిన కరెంటు సెల్ఫ్‌లోకి పోయి పని చేసి మళ్ళీ నెగటివ్‌కి రావాలి. పోయే దారికి బొటనవేలంత ఎర్ర కేబుల్ ఉంది, అందరికీ కనిపిస్తుంది. వచ్చే దారి ఎవరికీ కనపడదు, అది ఇంజన్ ఇనుము, ఛాసిస్ ఇనుము. కానీ ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, రబ్బరు కరెంటు పోనివ్వదు. అందుకే ఇంజన్ నుంచో గేర్‌బాక్స్ నుంచో ఛాసిస్‌కి జడలాగా అల్లిన రాగి పట్టీ ఒకటి వేస్తారు. క్లచ్ పని చేసేటప్పుడో గేర్‌బాక్స్ దించినప్పుడో దాన్ని విప్పుతారు, మళ్ళీ బిగించటం మర్చిపోతారు, లేదా ఒక్క చుట్టు తిప్పి వదిలేస్తారు. పట్టీ లేకపోయినా బండి కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది, అదే తమాషా.

ఇంకోటి అడుగుతా చెప్పండి. ఈ మధ్య ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) పోయే ముందు ఛాసిస్‌కి నల్ల పెయింటు కొట్టించారా? మీది ఎనిమిదేళ్ళు దాటిన ట్రాన్స్‌పోర్టు బండి, ఏటేటా ఎఫ్‌సీ తప్పదు, ఏటేటా పెయింటు తప్పదు. ఆ పెయింటరు కుర్రాడు బోల్టులూ నట్లూ చూడడు, డబ్బాలో బ్రష్ ముంచి లాగించేస్తాడు. ఎర్త్ లగ్గు (కేబుల్ చివర రింగు) విప్పి కింద పెయింటు పడ్డాక మళ్ళీ బిగించారో, ఇక పైకి చూడటానికి గట్టిగానే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. నా దగ్గరికొచ్చే ఎర్త్ కేసులు చాలావరకు ఎఫ్‌సీ అయిన నెలా రెణ్ణెల్లలో వచ్చేవే.

లైట్లు బాగా వెలుగుతున్నాయి కదా, హారన్ మోగుతోంది కదా, మరి ఎర్త్ ఎలా పోయింది అని మీకు అనుమానం రావచ్చు. చిన్న లెక్క చూడండి. సెల్ఫ్ తిరగాలంటే మన పికప్ ఇంజనుకి 200 నుంచి 300 ఆంపియర్ల దాకా కరెంటు కావాలి. పార్కింగ్ లైటు 5 వాట్ల బల్బుకి అర ఆంపియరు కూడా అక్కర్లేదు. ఎర్త్ దగ్గర తుప్పు వల్ల ఒక ఓమ్‌లో వందో వంతు అడ్డం వచ్చిందనుకోండి, బల్బుకి ఆ తేడా తెలియనే తెలియదు, 200 ఆంపియర్ల సెల్ఫ్‌కి మాత్రం 2 వోల్టులు అక్కడే పోతాయి. అసలే తిప్పేటప్పుడు బ్యాటరీ 10 దాకా దిగుతుంది, అందులో 2 పోతే ఇంక సెల్ఫ్ ఏం తిప్పుద్ది? టక్ అని ఊరుకుంటుంది. లైటు వెలగటం ఎర్త్ బాగుందని సాక్ష్యం కాదు.

పొద్దున్నే ఎందుకు, మధ్యాహ్నం ఎందుకు పట్టుకుంటోంది అంటే, రాత్రంతా ఆగిన ఇంజన్లో ఆయిల్ చిక్కబడుతుంది, తిప్పటానికి బలం ఎక్కువ కావాలి. వేడి మీద అయితే ఉన్న కొద్ది వోల్టేజీతోనే లాక్కొచ్చేస్తుంది.

మల్టీమీటరు (వోల్టేజీ కొలిచేది) లేకుండా పరీక్ష: పొద్దున్నే బండి టక్ అని మొరాయించినప్పుడే చేయాలి, సాయంత్రం చేస్తే లాభం లేదు. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వేయండి. మంచి లావు జంపర్ కేబుల్ ఒకటి తీసుకోండి, వెల్డింగ్ కేబుల్ ముక్కైనా సరే, ఆ చైనా పుల్లల్లాంటి జంపర్లు వద్దు. ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొస నేరుగా ఇంజన్ బ్లాకు మీద పెయింటు లేని బోల్టుకి పెట్టి సెల్ఫ్ కొట్టండి. గిర్రున తిరిగిందా, దొంగ దొరికాడు. రూపాయి ఖర్చు లేదు.

మల్టీమీటరుతో: మూడు నాలుగు వందల్లో మల్టీమీటరు వస్తుంది, పాత బండి నడిపేవాళ్ళు ఒకటి డ్యాష్‌బోర్డులో పడేసుకోండి. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీద), ఇంకోటి ఇంజన్ బ్లాకు మీద పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే పని ఉంది. ఒక్కోసారి 2, 3 వోల్టులు చూపించిన బండ్లు కూడా చూశా. తర్వాత పుల్లలు మార్చి బ్యాటరీ పాజిటివ్ పోస్టుకీ సెల్ఫ్ మీద లావు బోల్టుకీ మధ్య ఇలాగే చూడండి, అక్కడ అర వోల్టు లోపు ఉండాలి. కేబుల్ పైకి ఎంత నిగనిగలాడినా సరే కొలవండి, లగ్గు దగ్గర టేపు విప్పితే లోపల రాగి మొత్తం పచ్చగా చిలుము పట్టి పొడిపొడిగా రాలిన సందర్భాలు బోలెడు.

ఈ ఎర్త్ పోతే ఎంత దూరం పోతుందో ఒక కేసు చెప్తా. కైకలూరు వైపు నుంచి చేపల లోడు తోలే టాటా 207 పికప్ ఒకటి వచ్చింది, చాలా ఏళ్ళ కిందట. కంప్లైంటు ఏంటంటే యాక్సిలరేటర్ కేబుల్ ఆర్నెల్లకి మూడు మార్చారు, కొత్తది వేసిన పది రోజులకే బిగుసుకుపోతోంది. మెకానిక్ కేబుల్ క్వాలిటీని తిడుతున్నాడు. ఇంతలో ఓనరు సెల్ఫ్ కొడితే నేను బానెట్ దగ్గర నిలబడి ఉన్నా, యాక్సిలరేటర్ కేబుల్ తొడుగులోంచి సన్నగా దారంలా పొగ లేచింది, ప్లాస్టిక్ కాలిన వాసన. చెయ్యి పెడితే చురుక్కుమంది. విషయం ఏంటంటే ఇంజన్ ఎర్త్ పట్టీ ఐసు నీళ్ళు కారీ కారీ తుప్పు పట్టి తెగిపోయింది. 200 ఆంపియర్లకి దారి కావాలి కదా, ఇంజన్ నుంచి క్యాబిన్‌కి వెళ్ళే ఇనుప తీగ ఏది కనిపిస్తే అందులోంచి పోతోంది పాపం. అంటే సెల్ఫ్ కొట్టినప్పుడల్లా యాక్సిలరేటర్ కేబుల్ హీటర్ కాయిల్‌లా కాలుతోంది. పట్టీ వేశా, మళ్ళీ ఆ కేబుల్ మార్చాల్సిన పని రాలేదు. మీరూ సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్, క్లచ్ కేబుళ్ళు తాకి చూడండి, వేడిగా ఉంటే అర్థం అయినట్టే.

సరే, రెండు బ్యాటరీలు ఎందుకు పోయాయి అనేది కూడా దీంతోనే ముడి పడి ఉంది. డైనమో (బ్యాటరీని ఛార్జి చేసేది) బాడీ ఇంజన్‌కే బిగించి ఉంటుంది, దాని ఎర్త్ కూడా అదే పట్టీ గుండా రావాలి. డైనమో 14.2 ఇస్తుంటే బ్యాటరీకి చేరేది 13.1, 13.2 మాత్రమే అయితే, రోజూ సగం కడుపుతో పడుకున్న మనిషిలాగా బ్యాటరీ క్రమంగా నీరసపడి పోతుంది. ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుంటుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా ఎక్కదు. కాబట్టి మీకు బ్యాటరీ అమ్మినవాడు మోసం చేశాడని అనుకోకండి, బ్యాటరీ మంచిదే అయ్యుండొచ్చు. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ పోస్టుల మీద కొలవండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తక్కువ ఉంటే వెంటనే డైనమో వెనక లావు బోల్టుకీ డైనమో బాడీకీ మధ్య కొలవండి. అక్కడ బాగుండి బ్యాటరీ దగ్గర తక్కువుంటే తప్పు దారిలో ఉంది, డైనమోలో కాదు. రెండు చోట్లా తక్కువుంటే అప్పుడు బెల్టు, కార్బన్లు, కటౌట్ (డైనమో వోల్టేజీని అదుపులో పెట్టేది) చూడాలి. 14.8 దాటి ఇస్తుంటే కటౌట్ పోయింది, బ్యాటరీ నీళ్ళు తాగేస్తుంటుంది, మూతల దగ్గర తడిగా ఉంటుంది, తరచూ బల్బులు మాడుతుంటాయి.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఛార్జింగ్ ఉందో లేదో చూసేవాళ్ళని బండి దగ్గరికి రానివ్వకండి. చాలామంది పెద్ద మేస్త్రీలు కూడా చేస్తారు ఈ పని, నేనూ చిన్నప్పుడు చేశా. బ్యాటరీ తీసేసిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగుస్తుంది, డైనమోలో డయోడ్లూ (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేవి) కటౌటూ కాలిపోతాయి. కామన్ రైలు బండి (డీజిల్‌ని కంప్యూటరు అదుపు చేసే కొత్త రకం) అయితే ఈసీఎమ్, అంటే ఆ కంప్యూటరు, కూడా పోవచ్చు, అది పోతే మీ హెడ్ గాస్కెట్ లెక్క కన్నా ఎక్కువ.

డయోడ్ పోయిందో లేదో తెలుసుకోవటం సులువు. ఇంజన్ నడుస్తుండగా అదే మీటరుని ఏసీ మీద పెట్టి బ్యాటరీ మీద పెట్టండి, అర వోల్టు దాటి చూపిస్తే డయోడ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. డయోడ్ లీకయితే రాత్రిపూట బండి ఆగి ఉన్నప్పుడు కూడా బ్యాటరీ ఖాళీ అవుతుంది, డైనమో తాకితే చల్లారాల్సింది గోరువెచ్చగా ఉంటుంది.

నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. పనిలో కొత్తలో ఒక పికప్‌కి ఛార్జింగ్ రావట్లేదని డైనమో మూడుసార్లు దించా, మూడుసార్లూ టేబుల్ మీద బాగా పనిచేసింది, బండిలో పెడితే లేదు. కస్టమరు మొహం చూడలేక దాక్కునేవాణ్ణి. చివరికి మా గురువుగారు వచ్చి తాళం ఆన్ చేసి మీటర్ బోర్డు చూసి "ఛార్జింగ్ లైటు వెలగట్లేదేంరా?" అన్నారు. ఆ చిన్న బల్బు మాడిపోయింది. పాత డైనమోలకి మొదట కొంచెం కరెంటు ఆ బల్బు గుండానే పోయి లేపుతుంది, బల్బు లేకపోతే డైనమో నిద్ర లేవదు. పది రూపాయల బల్బు. అప్పట్నుంచి ఏ బండి వచ్చినా ముందు తాళం ఆన్ చేసి ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగిందా, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిందా, ఈ రెండూ చూడందే స్పానర్ పట్టుకోను.

ఇంకొకటి, మన పాత డీజిల్ పికప్పులకి చాలావాటికి డైనమో వెనకాలే బ్రేకుకి సంబంధించిన వాక్యూమ్ పంపు ఉంటుంది, దానికి ఇంజన్ ఆయిల్ పోతుంటుంది. ఆ సీలు పోతే ఆయిల్ డైనమోలోకి దూరి కార్బన్లు నానిపోతాయి. ఛార్జింగ్ తగ్గి, అదే సమయంలో బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడితే ఈ రెండూ వేర్వేరు జబ్బులు అనుకోకండి. ఎలక్ట్రీషియన్ ఒకడు, బ్రేకు మేస్త్రీ ఒకడు చెరోవైపు విప్పుతూ కూర్చుంటారు.

'టక్' శబ్దంలో కూడా తేడా ఉంది, చెవి పెట్టి వినండి. ఒక్కటే గట్టి టక్, ఆ తర్వాత నిశ్శబ్దం, డ్యాష్ లైట్లు పెద్దగా తగ్గలేదు అంటే దారిలో అడ్డం గానీ, సెల్ఫ్ లోపల సాలినాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) రాగి కాంటాక్టులు అరిగి గానీ, కార్బన్లు అయిపోయి గానీ ఉండాలి. 'టకటకటకటక' అని మిషన్ కుట్టినట్టు వస్తే బ్యాటరీ ఖాళీ లేదా బ్యాటరీ టెర్మినల్ లూజు. టక్ కూడా లేదంటే ఇగ్నిషన్ స్విచ్, రిలే, సన్న వైరు. సెల్ఫ్ 'గీ..ర్' అని ఊరికే తిరిగి ఇంజన్ తిరగకపోతే బెండిక్స్ (సెల్ఫ్‌ని ఇంజన్‌కి కలిపే పళ్ళ చక్రం) పళ్ళు. టక్ అనేటప్పుడు లైట్లు పూర్తిగా మసకబారిపోతే మాత్రం ఇంకో అనుమానం ఉంది, సెల్ఫ్ బుష్‌లు అరిగి ఆర్మేచర్ (తిరిగే భాగం) లోపల రాసుకుంటోందేమో. అలాంటప్పుడు సెల్ఫ్ కరెంటు మింగేస్తుంది, ఎన్ని బ్యాటరీలు మార్చినా ఇదే కథ. మీ కార్బన్లు వేసినాయన బుష్‌లు చూశాడో లేదో అడగండి.

బ్యాటరీని అనుమానించాలంటే కూడా ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే డోరు తీయకముందే బానెట్ ఎత్తి కొలవండి. 12.6 ఉంటే నిండుగా ఉంది, 12.2 అంటే సగం, 12 లోపు అంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పోకూడదు. రాత్రి 12.6 ఉండి పొద్దున 12.1 అయితే ఎక్కడో కారుతోంది. హైడ్రోమీటరు (యాసిడ్ చిక్కదనం కొలిచేది) ఉంటే ఆరు సెల్లుల్లో గ్రావిటీ చూడండి, ఐదు 1240 దగ్గరుండి ఒకటి 1180 ఉంటే ఆ సెల్లు పోయింది, ఇక దాని మీద ఆశ పెట్టుకోవద్దు. బ్యాటరీలో బోరు నీళ్ళు మాత్రం పోయకండి, మన గుంటూరు పల్నాడు బోరు నీళ్ళలో ఎంత సున్నం ఉందో బిందె అడుగు చూస్తే తెలుస్తుంది.

కరెంటు కారటం సంగతి క్లుప్తంగా. బ్యాటరీ నెగటివ్ తీసి మధ్యలో మీటరు 10 ఆంపియర్ల మీద సిరీస్‌లో పెట్టాలి, తలుపులన్నీ మూసి, తాళం తీసేసి. 50 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.05 లోపు ఉంటే సరే. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ పోండి, ఏది పీకితే రీడింగు పడిపోయిందో ఆ లైన్లో దొంగ. ఫ్యూజులన్నీ పీకినా తగ్గకపోతే డైనమో వైరు విప్పి చూడండి. మీటరు అలా పెట్టి ఉండగా సెల్ఫ్ కొట్టారో మీటరు పోతుంది, జాగ్రత్త. నాకు దొరికిన దొంగల్లో ఎక్కువమంది కంపెనీ పెట్టినవి కాదు, మనం పెట్టించుకున్నవే. రంగురంగుల ఎల్ఈడీ పట్టీలు, జీపీఎస్ డబ్బా, పాటల ఆంప్లిఫయర్, రివర్స్ హారన్. ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీ మీద ఉచ్చులాగా చుట్టి వదిలేస్తారు.

ఇక డీజిల్ వైపు. మీ బండి తోస్తే వెంటనే అందుకుంటోంది అంటే డీజిల్ లైను, పంపు, కంప్రెషన్ బాగున్నట్టే, అందుకే నేను మీకు అటు పోలేదు. కానీ ఇది చదివే వేరేవాళ్ళకి సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే కథ వేరు. ముందు పంపు మీద స్టాప్ సాలినాయిడ్ (డీజిల్ పోనిచ్చే, ఆపే కరెంటు వాల్వు) ఉంటే తాళం ఆన్ చేసినప్పుడు సన్నగా 'టిక్' వినపడాలి, వినపడకపోతే ఆ వైరు చూడండి. తర్వాత ఎయిర్. స్టార్ట్ అయ్యి పది సెకన్లకి ఆగిపోతుంటే, లేదా పొద్దున్నే చాలాసేపు కొడితే గానీ అందుకోకపోతే లైన్లో గాలి పడుతోంది. హ్యాండ్ పంపు కొడితే సరిపోతోంది, మర్నాడు మళ్ళీ అంతే, అంటే గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరూ వెతకలేదని అర్థం. ఫిల్టరు నుంచి పంపుకి పోయే పైపు బదులు తాత్కాలికంగా ట్రాన్స్‌పరెంట్ పైపు ముక్క వేయండి, బుడగలు కంటికి కనిపిస్తాయి. ఫిల్టరు మార్చిన వారంలోనే మొదలైతే ఫిల్టరు వాషరే, ఇంకెక్కడికీ పోనక్కర్లేదు. ట్యాంకు వైపు పైపులో సన్న పగులు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది, అందుకే కింద తడి లేదని పైపుని వదిలేయకండి.

ఇదంతా పాత మెకానికల్ పంపు బండ్ల సంగతి. కామన్ రైలు బండికి ఇంజన్ తిరుగుతుండగా నాజిల్ (ఇంజన్లోకి డీజిల్ చిమ్మేది) పైపు లూజు చేయటం లాంటివి చేయొద్దు. అందులో ప్రెజరు వెయ్యి బార్ దాటుతుంది, సన్న ధార తగిలితే చర్మంలోకి దూసుకుపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. అది స్కానర్ ఉన్నవాళ్ళ పని.

పొగ గురించి రెండు మాటలు. లోడు మీద నల్ల పొగ అంటే గాలి చాలట్లేదు లేదా డీజిల్ ఎక్కువవుతోంది. మిర్చి యార్డుకి తిరిగే బండి అయితే నేను ముందు ఎయిర్ ఫిల్టరే చూస్తా, దులిపితే తుమ్ములు ఆగవు. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, రింగులు గానీ వాల్వు సీళ్ళు గానీ టర్బో గానీ. తెల్ల పొగ కళ్ళు మండిస్తూ డీజిల్ వాసన వస్తే కాలని డీజిల్, పొద్దున ఒక నిమిషం వచ్చి పోతే నాజిళ్ళు. ఆగకుండా వస్తూ, రాడియేటర్లో నీళ్ళు తగ్గుతుంటే అప్పుడు గాస్కెట్ మాట ఎత్తాలి.

హెడ్ దించే ముందు మీ తృప్తి కోసం ఇది చేయండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రాడియేటర్ మూత తీసి నీళ్ళు నిండుగా పోసి ఇంజన్ స్టార్ట్ చేయండి, కొంచెం రేజ్ చేయండి. బుడబుడమని ఆగకుండా బుడగలు వస్తున్నాయా, నీళ్ళు పైకి చిమ్ముతున్నాయా? మూత పెట్టాక ఇంకా వేడెక్కకముందే పై పైపు గట్టిగా రాయిలా అవుతోందా? ఆయిల్ పుల్ల తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగు ఉందా? ఇవేవీ లేకపోతే హెడ్ బోల్టు మీద స్పానర్ వేయనివ్వకండి. వేడి మీద మాత్రం రాడియేటర్ మూత జోలికి పోవద్దు, మా షెడ్డులో ఒక కుర్రాడికి మెడ నుంచి మోచేతి దాకా కాలింది.

నిజంగానే వేడెక్కే బండ్లకి మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ కారణం రాడియేటర్ ముందు వైపు రెక్కల్లో పేరుకున్న దుమ్ము, మిర్చి తొక్కలు, పత్తి పింజలు. ఇంజన్ వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్ళు కొట్టి కడగండి, ప్రెజర్ వాటర్ ఎదురుగా కొడితే రెక్కలు పడుకుంటాయి. మే నెలలో 45 డిగ్రీల ఎండలో ఈ ఒక్క కడుగుడికే సగం బండ్లు బాగయ్యాయి. మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకులే అని పీకి పారేసేవాళ్ళున్నారు, అది సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవటానికే పెట్టింది, తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్ బోరు త్వరగా అరుగుతుంది. జబ్బు కనపడకుండా చేయటమే తప్ప వైద్యం కాదు.

బండి అమ్మేసి ఇంకోటి సెకండ్ హ్యాండ్ కొనాలనే ఆలోచన కూడా రాశారు కాబట్టి ఒక్క హెచ్చరిక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్ళలో ఉన్నాయో మేము చూశాం. వాటిలో కొన్ని కడిగి పెయింటు వేసి చేతులు మారాయి. ఏ పికప్ చూసినా సీటు కింద ఫ్యూజు బాక్సు మూత తీయండి, కనెక్టర్ పిన్నుల మీద పచ్చ చిలుము ఉందా, మీటర్ గ్లాసు లోపల నీటి చార ఉందా, గేర్ ఆయిల్, హౌసింగ్ (వెనక ఇరుసు) ఆయిల్ తెల్లగా ఉందా చూడండి. ఆ బండి ఇవాళ బాగానే స్టార్ట్ అవుతుంది, వైరింగు మాత్రం రెండేళ్ళ పాటు రోజుకో చోట తన్నుతుంది. ఏనాడైనా మీ బండే మునిగితే సెల్ఫ్ కొట్టకుండా లాక్కురండి, సిలిండర్లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇక మీరు రేపు పొద్దున చేయాల్సిన పని. ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి (ఎప్పుడైనా తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ చివర, లేకపోతే స్పానర్ బాడీకి తగిలి చెయ్యి కాలుతుంది). పోస్టులూ క్లాంపులూ వేడినీళ్ళలో వంటసోడా కలిపి కడిగి ఉప్పుకాగితంతో రుద్దండి. ఛాసిస్ మీద ఎర్త్ బోల్టు విప్పి కింద పెయింటు తెల్ల ఇనుము కనపడేదాకా గీకండి, పళ్ళ వాషరు వేసి బిగించండి, బిగించాక పైన గ్రీజు పూయండి, ముందు కాదు. ఇంజన్ పట్టీ తెగినా నల్లబడినా కొత్తది వేయించండి. వీలైతే బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా గేర్‌బాక్స్ బోల్టుకి ఇంకొక లావు కేబుల్ అదనంగా వేయించండి, నా దగ్గరికొచ్చే పదేళ్ళు దాటిన ప్రతి పికప్‌కీ నేను అడక్కుండానే వేస్తా. మీటర్ బోర్డు వెనక నల్ల వైరు బాడీకి దిగే స్క్రూ కూడా అలాగే గీకి బిగించండి, ముల్లు సంగతి అక్కడ తేలుతుంది.

పని మొదలుపెట్టకముందే సెల్ఫ్ కొట్టేటప్పుడు నెగటివ్ పోస్టుకీ బ్లాకుకీ మధ్య వోల్టేజీ ఎంతో కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి, అయ్యాక మళ్ళీ కొలవండి. ఆ రెండు అంకెలూ, దాంతోపాటు ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద ఎంత ఉందో అదీ ఇక్కడ రాయండి. బ్లాకు దగ్గర 0.2 వచ్చి కూడా టక్ అంటుంటే సెల్ఫ్ విప్పి బుష్‌లు, సాలినాయిడ్ కాంటాక్టులు ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తా.